కడుపులో మాట: ఈ నెల అంతా పౌచ్ గురించే

పోయిన నెల ఇదే శీర్షికలో ఒక పాఠకుడికి నాలుగు ముక్కల్లో జవాబు రాశాను. పెద్దపేగు మొత్తం తీసేయాల్సి వచ్చినప్పుడు చిన్నపేగు చివరి భాగాన్నే మడిచి, లోపల ఒక తిత్తిలా కుట్టి మలద్వారానికి కలుపుతారు, దాన్నే పౌచ్ అంటారు, అది కుదిరితే జీవితాంతం పొట్ట మీద బ్యాగు పెట్టుకోనక్కర్లేదు అని. అంతే. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంతమంది ఈ బాధను నోరు మూసుకుని మోస్తున్నారా అనిపించింది. గుండెజబ్బయితే పదిమందికీ చెప్పుకుంటాం. ఇది లెట్రిన్ సంగతి కాబట్టి కట్టుకున్నవాళ్లకు కూడా సగమే చెప్తాం. అందుకని ఈసారి మొత్తం దీనికే. షుగరు వాళ్లూ మోకాళ్ల నొప్పుల వాళ్లూ ఒక్క నెల ఓర్చుకోండి. ఎవరి పేర్లూ వేయడం లేదు.

కావలి నుంచి, 29 ఏళ్ల అబ్బాయి:

"సార్, నేను రొయ్యల మేత షాపులో పని చేస్తాను. తొమ్మిదేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్, అదే పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే జబ్బు. రక్తం, బంక, రోజుకు పది పదిహేనుసార్లు పరుగు. స్టెరాయిడ్లు వాడీ వాడీ మొహం ఉబ్బిపోయింది, ఖరీదు ఇంజెక్షన్లు కూడా అయిపోయాయి. మద్రాసులో డాక్టర్లు పెద్దపేగు తీసేసి జే పౌచ్ పెడతాం, మూడు దఫాలుగా చేస్తాం అన్నారు. ఫోన్లో చూస్తే దీని మీద కొత్త రీసెర్చ్ జరుగుతోందంట, కింద నుంచి చేసే పద్ధతంట, రోబో అంట. ఇంకో రెండు మూడేళ్లు ఆగితే మంచి ఆపరేషన్ వస్తుందేమో అంటున్నాడు మా నాయన. ఆగమంటారా?"

ఆగొద్దు బాబూ. మీ నాయన భయం నాకు తెలుసు, కానీ రెండేళ్లకో కొత్త మోడల్ రావడానికి ఇది సెల్‌ఫోన్ కాదు.

కొంచెం వెనక్కెళ్లి చెప్తా. 1978లో లండన్ సెయింట్ మార్క్స్ ఆస్పత్రి సర్జన్లు అలన్ పార్క్స్, జాన్ నికోల్స్ ఈ ఆపరేషన్ గురించి మొదటిసారి రాశారు. వాళ్లు కుట్టిన తిత్తి ఇంగ్లీషు ఎస్ ఆకారంలో ఉండేది, మూడు మడతలు, కింద కాస్త పొడుగ్గా మూతి. ఆ మూతితోనే వచ్చింది చిక్కంతా. చాలామందికి తిత్తి దానంతటది ఖాళీ అయ్యేది కాదు, గొట్టం పెట్టి తీసుకోవాల్సి వచ్చేది. 1980లో జపాన్ సర్జన్ ఉట్సునోమియా రెండే మడతలతో, ఒక్కోటి సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్లు, జే ఆకారంలో కుట్టి, మూతి లేకుండా నేరుగా కలిపాడు. గొట్టం బాధ పోయింది. మద్రాసులో నీకు పెడతామంటున్నది అదే జే. తర్వాత నాలుగు మడతల డబ్ల్యూ కూడా వచ్చింది గానీ కుట్టడం కష్టం, జే మాత్రం 40 ఏళ్లు దాటినా చెక్కు చెదరలేదు.

మరి ఇన్నేళ్లూ రీసెర్చ్ చేసింది దేనిమీద అంటే, ఎక్కువభాగం ఆ తిత్తి చుట్టూ వచ్చే ఇబ్బందుల మీద. అన్నిటికంటే పెద్దది లీకు. పౌచ్‌ని కింద కలిపిన చోట కుట్టు సరిగా అతుక్కోక చీము పడుతుంది, మంచి చేతుల్లో కూడా నూటికి ఐదు నుంచి పదిహేను మందికి అవుతుంది. పైకి చీము తగ్గిపోయినా లోపల గట్టిపడిపోయి, పౌచ్ సాగే గుణం పోయి, కొన్నేళ్లకు పనికిరాకుండా పోవచ్చు. అందుకే కుట్టబోయే చోటికి రక్తం బాగా వస్తోందో లేదో ఆపరేషన్ టేబుల్ మీదే చూసే పద్ధతి తెచ్చారు. చేతి నరంలోకి ఒక రంగు మందు ఎక్కించి ప్రత్యేకమైన కెమెరాతో చూస్తే రక్తం ఆడే పేగు పచ్చగా మెరుస్తుంది, మెరవని చోట కుట్టరు. ఇది పౌచ్‌లో లీకుల్ని నిజంగా ఎంత తగ్గిస్తుందో ఇంకా పెద్ద లెక్కలు రావాలి. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు ఇంకో దారి పట్టారు. లీకయితే గొట్టం పెట్టి నెలల తరబడి చూస్తూ కూర్చోకుండా, ఆ సందులోకి చిన్న స్పాంజి పెట్టి గాలి లాగే మిషన్‌తో చీము పీల్చేసి, రోజుల్లోనే కుట్టు మళ్లీ మూసేస్తున్నారు. నాకు ఈ కొత్తవాటిలో బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే లీకు రానే రాదని అబద్ధం చెప్పకుండా, వస్తే ఏంచేయాలో చెప్తోంది.

కింద నుంచి చేసే పద్ధతంటే, కటి లోపల బాగా ఇరుకు కాబట్టి, ముఖ్యంగా మగవాళ్లలో, పై నుంచి కొంతా మలద్వారం వైపు నుంచి కొంతా చేస్తారు. చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర ఫలితాలు బాగున్నాయి, నేర్చుకుంటున్నవాళ్ల దగ్గర జాగ్రత్త. రోబో సంగతీ అంతే. ఇరుకులో సర్జన్‌కి బాగా కనపడుతుంది, చెయ్యి వణకదు, నిజమే. పదేళ్ల తర్వాత నువ్వు రోజుకు ఎన్నిసార్లు లేస్తావన్నది దాంతో మారుతుందని ఎవరూ నిరూపించలేదు.

మూడు దఫాలన్నందుకు టెన్షన్ పడకు. స్టెరాయిడ్లతో, జబ్బుతో నలిగిపోయిన ఒంట్లో కుట్లు సరిగా మానవు. అందుకని ముందు పెద్దపేగు తీసి పొట్ట మీద బ్యాగు పెడతారు. ఒళ్లు పట్టాక, స్టెరాయిడ్లు ఆగాక, పౌచ్ కుడతారు. ఆ కుట్టు మానాక బ్యాగు మూసేస్తారు. కొంతమందికి రెండు దఫాల్లోనే ముగిస్తారు. ఏది మేలన్నది సర్జన్లలోనే ఇంకా తేలని వాదన, కానీ నువ్వు చెప్పిన పరిస్థితిలో మూడన్నారంటే నీ మేలుకే అన్నారు.

రోబో ఉందా అని అడగడం కన్నా, మీరు ఏడాదికి ఎన్ని పౌచ్‌లు చేస్తారు, లీకయితే ఇక్కడే చూస్తారా అని అడుగు. ఎక్కువ చేసే చోట పౌచ్‌లు తక్కువ పాడవుతాయన్నది పదే పదే తేలిన విషయం. దీన్ని నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. కుర్రతనంలో నేను పనిచేసిన ఒక ఆస్పత్రిలో, పేరెందుకులే, ఏడాదికి ఒక్క పౌచ్ కూడా రాని చోట, మా పెద్ద సర్జన్ పట్టుబట్టి ఒకటి చేశాడు. పక్కన కొక్కెం పట్టుకుని నిలబడ్డది నేనే. లీకయింది, దాన్ని గుర్తుపట్టడానికే మాకు వారం పట్టింది, ఆ అబ్బాయికి చివరికి పౌచ్ తీసేసి ఎప్పటికీ బ్యాగే మిగిలింది. నీ వయసువాడే. అడిగితే కోపం తెచ్చుకునే డాక్టరయితే, సెంట్రల్ నుంచి రైలెక్కి వెనక్కి వచ్చేయ్.

ఇంకొక్క మాట. ఆగుతూ ఆగుతూ రక్తం ఎక్కువైపోయి రాత్రికి రాత్రి ఎమర్జెన్సీలో చేయించుకోవడం కంటే, ఒళ్లు కాస్త ఓపికగా ఉన్నప్పుడు ముహూర్తం పెట్టుకుని వెళ్లడం ఎన్నో రెట్లు మంచిది.

ఒంగోలు నుంచి, ఒక తల్లి:

"డాక్టర్ గారూ, మా అమ్మాయికి 23. ఇదే జబ్బుకి పెద్దపేగు తీసేశారు, ఇప్పుడు బ్యాగుతో ఉంది. పౌచ్ పెట్టిస్తే పిల్లలు పుట్టరని మా బంధువుల్లో ఒకావిడ అంది. సంబంధాలు చూస్తున్నాం. అబ్బాయి తరఫు వాళ్లకు చెప్పాలా వద్దా?"

అమ్మా, మీ బంధువు పూర్తిగా అబద్ధం చెప్పలేదు, అలాగని నిజమూ చెప్పలేదు. పొట్ట పెద్దగా కోసి చేసే పాత పద్ధతిలో పౌచ్ పెట్టాక ఆడవాళ్లలో గర్భం రావడం కష్టమైనవాళ్లు ఎక్కువయ్యారని చాలా అధ్యయనాల్లో తేలింది, మందులతోనే గడుపుతున్నవాళ్లతో పోలిస్తే సుమారు మూడు రెట్లు. గర్భసంచికి ఏమీ కాదు, అండాశయాలూ బాగానే ఉంటాయి, కానీ కటి లోపల మానేటప్పుడు పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ట్యూబుల్ని పట్టేస్తాయి. ఇది తెలిశాకే రెండు మార్పులొచ్చాయి. ఒకటి, చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ. దాంతో అతుకులు తక్కువ, గర్భం వచ్చే అవకాశం మెరుగు. రెండోది మీ అమ్మాయికి సూటిగా పనికొచ్చేది. పెద్దపేగు తీసే మొదటి దఫా ఆపరేషన్‌లో కటి లోపలికి పెద్దగా పోరు, కాబట్టి కొందరు పిల్లల్ని కన్నాకే పౌచ్ పెట్టించుకుంటారు, అప్పటిదాకా బ్యాగుతో ఉంటారు. మిగిలిపోయిన పురీషనాళం ముక్కను, అంటే మలద్వారానికి పైన ఉండే పేగు చివరి భాగాన్ని, మాత్రం మధ్యమధ్యలో గొట్టంతో చూపించుకుంటుండాలి. పౌచ్ పెట్టించుకున్నాక గర్భం రాకపోతే ఐవీఎఫ్ దారి ఉండనే ఉంది. కాన్పు మామూలుగానా సిజేరియనా అన్నది సర్జన్, గైనకాలజిస్టు ఇద్దరూ కలిసి తేల్చాలి, ఒక్కరి మాట మీద పోవద్దు.

సంబంధం సంగతి అడిగారు. నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెప్తున్నా, చెప్పాలి, కానీ చెప్పాల్సింది మీరు కాదు, మధ్యవర్తీ కాదు, అమ్మాయి. ఎప్పుడు, ఎవరికి, ఎంత చెప్పాలో ఆమే తేల్చుకోవాలి. ఉత్తరంలో మీ మాటలే ఉన్నాయి గానీ ఆమె ఏమంటోందో ఒక్క లైనూ లేదు. వచ్చేసారి ఆమెనే రాయమనండి.

మగపిల్లల తల్లులు కూడా ఇద్దరు ఇలాంటిదే అడిగారు. మగవాళ్లలో అంగస్తంభన, వీర్యం తాలూకు నరాలు ఆ దగ్గర్లోనే పోతాయి. దెబ్బతినడం అరుదే, అయినా ఆపరేషన్‌కి ముందు వీర్యం భద్రపరచుకునే మాట సర్జన్‌తో ఎత్తండి. వాళ్లంతట వాళ్లు ఎత్తకపోవచ్చు.

పొదిలి నుంచి, 41 ఏళ్ల రైతు:

"పౌచ్ పెట్టి మూడేళ్లయింది. మామూలుగా ఆరేడుసార్లు పోతా. ఉన్నట్టుండి పదిహేనుసార్లవుతుంది, కడుపు మెలిపెడుతుంది, జ్వరం. రెండు రకాల మాత్రలు రాసిస్తే వారంలో తగ్గిద్ది, రెండు నెలలకు మళ్లీ. ఈ ఏడాది ఇది నాలుగోసారి. ఇప్పుడు నేనే మెడికల్ షాపులో అదే చీటీ చూపించి తెచ్చుకుంటున్నా. ఎవరో వేరేవాళ్ల మలం ఎక్కిస్తే పోతుందన్నారు, నిజమేనా? మజ్జిగ తాగితే సరిపోదా?"

అన్నా, దీన్ని పౌచైటిస్ అంటారు, పౌచ్ వాచి పుండ్లు పడటం. కొలైటిస్ కోసం పౌచ్ పెట్టుకున్నవాళ్లలో సగం మందికి ఎప్పుడో ఒకసారి వస్తుంది, కాబట్టి మీరేదో తప్పు చేశారని కాదు. విచిత్రం ఏమిటంటే, ఇదే పౌచ్ వంశపారంపర్యంగా పాలిప్స్, అంటే పేగు లోపల చిన్న చిన్న కండబుడిపెలు, వచ్చే జబ్బు కోసం పెట్టుకున్నవాళ్లకు పౌచైటిస్ చాలా తక్కువ. కుట్టు అదే, పేగు అదే, సర్జన్ కూడా ఒక్కడే కావచ్చు. అంటే లోపం తిత్తిలో లేదు, కొలైటిస్ తెచ్చిన ఒంటి స్వభావమే తిత్తిలోని సూక్ష్మజీవులతో మళ్లీ తగాదా పెట్టుకుంటోందన్నమాట. పౌచ్ మీద రీసెర్చ్ చేసేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా తవ్వుతున్నది ఈ చోటే.

ముందు మీ షాపు వైద్యం ఆపండి. దీనికి మామూలుగా రాసే యాంటీబయాటిక్స్‌లో మెట్రోనిడజోల్ నెలల తరబడి వాడితే పాదాలు తిమ్మిరెక్కి మొద్దుబారతాయి. సిప్రోఫ్లోక్సాసిన్ మడమ వెనక నరాన్ని, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాడుని, దెబ్బతీయొచ్చు, పొలంలో పని చేసే మనిషికి ఇది చిన్న విషయం కాదు. పైగా ప్రతిసారీ అది పౌచైటిసే అని ఏమిటి గ్యారంటీ? కింద మిగిల్చిన పాత పొర వాచినా, కుట్టు దగ్గర దారి ఇరుకైనా, పాత లీకు దాగి ఉన్నా, నిజానికి జబ్బు కొలైటిస్ కాక, చిన్నపేగుకి కూడా పాకే క్రోన్స్ అనే ఇంకో వాపు జబ్బు అయినా బయటికి ఇట్టాగే ఉంటుంది. ఒక్కసారన్నా గొట్టం వేయించి లోపల చూపించి, చిన్న ముక్క పరీక్షకు పంపించండి.

మజ్జిగ అన్నారు. 2000 సంవత్సరంలో ఇటలీ వాళ్లు ఒక చిన్న ట్రయల్ చేశారు. మాటిమాటికీ పౌచైటిస్ వచ్చే 40 మందిని తీసుకుని, మందులతో తగ్గించి, సగం మందికి ఎనిమిది రకాల మంచి బ్యాక్టీరియా కలిపిన పొడి, సగం మందికి ఉత్త పొడి ఇచ్చారు. తొమ్మిది నెలల్లో ఉత్త పొడి తాగిన 20 మందికీ జబ్బు తిరగబెట్టింది, బ్యాక్టీరియా పొడి తాగినవాళ్లలో ముగ్గురికే. చదివినప్పుడు నేనూ ఎగిరి గంతేశాను. తర్వాత మామూలు వాడకంలో అంత గొప్పగా పని చేయలేదు, అయినా మాటిమాటికీ వచ్చేవాళ్లకు ఇప్పటికీ అది ఒక దారే, మీ డాక్టర్ని అడగండి. మజ్జిగలో ఉండే బ్యాక్టీరియా వేరు, మోతాదు చాలా తక్కువ. మందనుకుని కాకపోయినా తాగండి, నీళ్లూ ఉప్పూ పోతాయి కాబట్టి మంచిదే.

యాంటీబయాటిక్స్‌కి లొంగనివాళ్ల కోసం వెడోలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది. పౌచైటిస్‌కి దాన్ని 2022లో యూరప్ ఒప్పుకుంది. 2023లో వచ్చిన ట్రయల్‌లో 102 మంది, 14 వారాలకు మందు తీసుకున్నవాళ్లలో 31 శాతం మందికి పూర్తిగా సర్దుకుంది, ఉత్త సెలైన్ తీసుకున్నవాళ్లలో 10 శాతం మందికి. మంచి వార్తే. కానీ నూటికి 69 మందికి సర్దుకోలేదన్నది కూడా అదే కాగితంలో ఉంది. ఖరీదు ఎక్కువ. మలం ఎక్కించే వైద్యం వేరే పేగు ఇన్ఫెక్షన్‌కి బాగా పనిచేస్తుంది గానీ, పౌచైటిస్‌లో ఇప్పటిదాకా జరిగిన చిన్న ట్రయల్స్ ఆశ పెట్టుకునేంత ఏమీ చూపించలేదు. దానికోసం ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

నెల్లూరు నుంచి, 35 ఏళ్ల టీచరమ్మ:

"నాకు ఆపరేషన్ చేసిన డాక్టర్ ప్రతి చెకప్‌లో బ్రహ్మాండంగా ఉంది, సక్సెస్ అంటారు. నేను రోజుకు తొమ్మిదిసార్లు వెళ్తాను, రాత్రి రెండుసార్లు లేస్తాను, బస్సెక్కాలంటే దారిలో ఎక్కడెక్కడ ఆగుతుందో ముందే లెక్క వేసుకుంటాను. తిరుపతి పోయి నాలుగేళ్లయింది. ఇది సక్సెసేనా, లేక నేనే ఎక్కువ ఊహించుకుంటున్నానా?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను టీచర్ గారూ. మీరేమీ ఊహించుకోవడం లేదు. సర్జన్లకు చాలాకాలం సక్సెస్ అంటే లీకు లేకపోవడం, పౌచ్ తీసేయాల్సిన అవసరం రాకపోవడం. ఆ లెక్కన చూస్తే ఈ ఆపరేషన్ గొప్పదే, పదేళ్ల తర్వాత కూడా పదిమందిలో తొమ్మిదిమందికి పౌచ్ నిలబడుతుంది. కానీ నిలబడటం వేరు, దాంతో బతకడం వేరు. ఈ తేడాని రీసెర్చ్ చేసేవాళ్లు ఆలస్యంగానైనా పట్టుకున్నారు. 2020 ప్రాంతంలో వివిధ దేశాల సర్జన్లు, నర్సులు, పౌచ్ పెట్టుకున్న రోగులు కలిసి, ఏ ఇబ్బంది ఎక్కువ బాధిస్తుంది, దానివల్ల బతుకులో ఏది చెడుతుంది అని వరసగా అడిగి, పౌచ్ సరిగా పనిచేయకపోవడానికి ఒక నిర్వచనం రాసుకున్నారు. ఎన్నిసార్లు, ఎంత తొందర, ఎంత కారడం ఒక వైపు, టాయ్‌లెట్ ఎక్కడుందో చూసుకునే బయల్దేరాల్సి రావడం లాంటివి ఇంకో వైపు. మీరు బస్సు గురించి రాసింది సరిగ్గా ఇదే.

సాధారణంగా ఏడాది గడిచేసరికి ఐదు నుంచి ఏడుసార్లకు వస్తుంది, రాత్రి ఒక్కసారి. మీకు తొమ్మిదంటే వెతకాల్సిన కారణం ఏదో ఉండొచ్చు. ఒక్కోసారి కుట్టు దగ్గర ఇరుకైతే పూర్తిగా ఖాళీ కాక మళ్లీ మళ్లీ పోవాలనిపిస్తుంది, వేలితోనో బెలూన్‌తోనో వెడల్పు చేస్తే ఐదు నిమిషాల్లో తేడా తెలుస్తుంది. ఒక్కోసారి కటి కండరాలు వదులవాల్సినప్పుడు బిగుసుకుంటాయి, దానికి బయోఫీడ్‌బ్యాక్ అని శిక్షణ ఉంది. లోపెరమైడ్ మాత్ర తిండికి అరగంట ముందు వేసుకుంటే చాలామందికి రెండు మూడుసార్లు తగ్గుతాయి, వాపు లేదని తేలాకే సుమా. ఈసారి చెకప్‌కి వెళ్లేముందు రెండు వారాలు డైరీ రాయండి, టైము, ఎంత తొందరొచ్చింది, కారిందా లేదా. ఆ కాగితం డాక్టర్ ముందు పెట్టండి. నోటితో చెప్తే "అదంతా మామూలేనమ్మా" అంటారు, కాగితం చూస్తే అనలేరు. అన్నా కూడా ఇంకొకరికి చూపించండి.

చీమకుర్తి నుంచి:

"నాకు 38. క్వారీలో సూపర్‌వైజర్ని. పౌచ్ ఉంది. మొన్న మే నెలలో కళ్లు తిరిగి పడిపోయాను. నీళ్లు బాగానే తాగుతాను, అయినా ఎందుకిట్టా?"

నీళ్లు తాగారు, ఉప్పు తాగలేదు. పెద్దపేగు చేసే పనే నీళ్లూ ఉప్పూ వెనక్కి లాగడం. అది లేదు కాబట్టి మీ ఒంట్లో ఉప్పు జారిపోతూ ఉంటుంది, దానికి తోడు గ్రానైట్ గుంతలో మే నెల ఎండ. ఉత్త నీళ్లు లీటర్లకు లీటర్లు తాగితే సోడియం ఇంకా పడిపోవచ్చు. ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపిన సీసా పనికి తీసుకుపోండి, లేదా ఉప్పేసిన గంజి, మజ్జిగ. బీపీ ఉంటే ఉప్పు సంగతి ముందు డాక్టర్ని అడగండి. కూల్‌డ్రింకులు వద్దు, తీపి ఎక్కువైతే మోషన్స్ పెరుగుతాయి. మూత్రం ముదురు పసుపుగా, తక్కువగా వస్తుంటే ఒళ్లు ఎండిపోతోందని అర్థం, దీర్ఘకాలం అలాగే ఉంటే కిడ్నీలో రాళ్లు కూడా పడతాయి. ఏడాదికోసారి క్రియాటినిన్, బీ12, ఐరన్ చూపించుకోండి.

కందుకూరు నుంచి, పేరూ వయసూ లేదు:

"మా నాయనకు పేగు నిండా పాలిప్స్, 44కే క్యాన్సర్‌తో పోయాడు. మా అన్నకు కూడా ఉన్నాయన్నారు. నాకేమీ బాధ లేదు. నేను కూడా చూపించుకోవాలా?"

ఈ పత్రిక మూసి రేపే వెళ్లండి. వంశంలో వచ్చే ఎఫ్ఏపీ అనే జబ్బులో ఏపీసీ అనే జన్యువు చెడి ఉంటుంది, ఉన్నవాళ్ల పిల్లల్లో ఒక్కొక్కరికీ వచ్చే అవకాశం సగానికి సగం. పేగులో వందలు, వేలు పాలిప్స్ లేస్తాయి, పెద్దపేగు తీయకుండా వదిలేస్తే దాదాపు అందరికీ క్యాన్సర్ వస్తుంది, అదీ ఎక్కువగా నలభై ఏళ్ల లోపే. బాధ మొదలయ్యేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. ముందు మీ అన్న రక్తంలో ఏ మార్పు ఉందో కనుక్కుంటే, మీకు ఆ ఒక్కదానికే పరీక్ష చేసి ఉందో లేదో చెప్పేస్తారు. లేదంటే ఇక మీకు గొట్టాల బాధ లేదు. ఉందంటే, మీకు పిల్లలుంటే వాళ్లకు కూడా పది పన్నెండేళ్ల నుంచే చూడటం మొదలుపెట్టాలి. ఇలాంటివాళ్లకు పౌచ్ పెట్టాక పౌచైటిస్ చాలా తక్కువని పైన పొదిలి ఆయనకు రాశాను. అయితే పౌచ్ పెట్టాక పని అయిపోయిందనుకోవద్దు, పౌచ్‌లోనూ, కడుపు దాటాక వచ్చే చిన్నపేగు మొదట్లోనూ పాలిప్స్ రావొచ్చు, జీవితాంతం చూపించుకుంటూ ఉండాలి.

గూడూరు నుంచి, ఒక తల్లి:

"మా వాడికి పౌచ్ పెట్టే ముందు, మా స్టడీలో చేరతారా అని పెద్ద కాగితాల కట్ట ఇచ్చారు. సంతకం పెట్టమన్నారు. ఎలకల మీద చేసినట్టు మా బిడ్డ మీద చేస్తారేమోనని భయంగా ఉంది నాయనా."

భయపడటం తప్పు కాదమ్మా, చదవకుండా సంతకం పెట్టడం తప్పు. ఆ కాగితాలు మీకర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అంటే తెలుగులో. ఇంగ్లీషులో ఇచ్చి "ఏం లేదమ్మా, ఫార్మాలిటీ" అంటే తెలుగువి వచ్చేదాకా పెన్ను తీయకండి. ఇంటికి తెచ్చుకుని నాలుగు రోజులు ఆలోచించే హక్కు ఉంది, వద్దనే హక్కు ఉంది, చేరాక మధ్యలో మానేసే హక్కు కూడా ఉంది, వద్దన్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు. సంతకం పెట్టిన కాగితం కాపీ మీకివ్వాలి. మన దేశంలో 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, నష్టపరిహారం కూడా ఇవ్వాలి. సీటీఆర్ఐ అనే ప్రభుత్వ రిజిస్టర్ 2007 నుంచి ఉంది, 2009 నుంచి మందుల ట్రయల్స్ అందులో నమోదు చేయడం తప్పనిసరి. ఆ నంబరెంతో అడగండి, మీ వాడి సెల్‌లో కొట్టి చూడొచ్చు.

అది ఏ రకం స్టడీనో కూడా అడగండి. కొన్నింటిలో చేసేదేమీ ఉండదు, ఆపరేషన్ మామూలుగానే చేసి, తర్వాత ఎలా ఉన్నాడో ప్రశ్నలు అడిగి రాసుకుంటారు, మహా అయితే తీసేసిన పేగు ముక్కలోంచి కొంచెం పరీక్షకు పంపుతారు. దీనికి నేనయితే కళ్లు మూసుకుని ఊ అంటాను. ఇంకో రకంలో రెండు పద్ధతుల్లో ఏది చేయాలో చీటీ వేసినట్టు నిర్ణయిస్తారు, డాక్టర్ ఇష్టం ఉండదు, మీ ఇష్టమూ ఉండదు. అప్పుడు ఒక్కటే అడగండి, ఆ రెండు పద్ధతులూ మీరు ఇప్పటికే చేస్తున్నవేనా, లేక ఒకటి కొత్తగా మొదలుపెడుతున్నారా అని. రెండూ చేస్తున్నవే అయి ఏది మేలో నిజంగా తెలియకపోతే చేరడంలో మీ వాడికి పెద్ద నష్టం లేదు. పౌచ్ అరుదైన ఆపరేషన్ కాబట్టి ఒక్క ఆస్పత్రిలో ఏడాదికి దొరికే మనుషులే తక్కువ, అందుకే దీని మీద జవాబులు ఇంత నెమ్మదిగా వస్తున్నాయి.

మళ్లీ నెల్లూరు, మూలాపేట:

"పౌచ్ పెట్టి రెండు నెలలు. చేపల పులుసు తినొచ్చా?"

చేప తినొచ్చు, మెత్తగా ఉంటుంది, ప్రొటీన్ కూడా. పులుసుతోనే వస్తుంది తంటా. మన నెల్లూరు కారం లోపలికి పోయేటప్పుడు ఎంత మండుతుందో బయటికి వచ్చేటప్పుడు అంతకు రెట్టింపు మండుతుంది, రెండు నెలలకే కింద చర్మం ఇంకా పచ్చిగా ఉంటుంది. ముందు కారం తగ్గించి, పులుసు తక్కువ ముక్క ఎక్కువ వేసుకుని, మధ్యాహ్నం పూట మెత్తగా ఉడికిన అన్నంలో ఒక్కసారి తిని చూడండి, రాత్రి వద్దు. మరీ పలచగా అవుతుంటే సగ్గుబియ్యం జావ, అరటిపండు కాస్త చిక్కబరుస్తాయి. ములక్కాయ, మొక్కజొన్న, జీడిపప్పు ఇంకో నెల ఆగండి, తిన్నా బాగా నమలాలి, నారంతా ఒకచోట చేరి అడ్డం పడుతుంది. కింద మండుతుంటే కాగితంతో తుడవకుండా గోరువెచ్చటి నీళ్లతో కడిగి అద్దుకుని, జింక్ ఆక్సైడ్ ఉన్న ఆయింట్‌మెంట్ రాయండి. పులుసులో మామిడికాయ ముక్కలు వేసుకోవచ్చా అని వెనకవైపు పెన్సిల్‌తో రాశారు. ఒక్క ముక్క.